చివరి గడి నింపకుండా లెక్క పూర్తికాదు: భారత ఫుట్‌బాల్ జట్టుపై పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం గురించి నాలుగు వాక్యాలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఇంతవరకు దేనికీ రాలేదు. అందుకే ఈసారి జవాబులన్నీ భారత జాతీయ ఫుట్‌బాల్ జట్టుకే కేటాయిస్తున్నాను.

కొత్త పాఠకుల కోసం ఒక మాట. నేను సికింద్రాబాద్‌లో పెరిగాను. తర్వాత ముప్పై నాలుగేళ్లు వరంగల్ జిల్లా ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. 1964 నుంచి నా దగ్గర ఎర్ర అట్ట లెక్కల పుస్తకం ఒకటి ఉంది. మన జట్టు ఆడిన ప్రతి పెద్ద పోటీ వివరాలూ అందులో రాసుకుంటాను: ఎవరితో, ఎక్కడ, ఎన్ని గోల్స్, కొట్టింది ఎవరు. చివరి గడి మాత్రం మా నాన్న గీయించినది. ఆయన రైల్వే గూడ్స్ ఆఫీసులో వ్యాగన్ల లెక్క రాసేవారు. ‘గెలిచామని రాస్తే చాలదు, ఎన్ని జట్లు దిగాయో కూడా రాయి’ అన్నారు. ఆ గడి నింపకుండా ఈనాటికీ నేను ఏ ఫలితమూ రాయను.

1950 ప్రపంచ కప్‌కు మన జట్టు అర్హత సాధించిందనీ, బూట్లు లేకుండా ఆడడానికి ఫిఫా ఒప్పుకోకపోవడంతో వెళ్లలేదనీ మా కాలేజీలో చెప్పారు. నిజమేనా మాస్టారూ?
— డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

తమ్ముడూ, ముందు ‘సాధించింది’ అన్న మాట చూద్దాం. మనతో తలపడవలసిన బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ మూడూ తప్పుకున్నాయి. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే మనకు బ్రెజిల్ పిలుపు వచ్చింది. ఇటలీ, స్వీడన్, పరాగ్వే ఉన్న గ్రూపులో మన పేరు వేశారు. మనం వెళ్లలేదు.

ఇక బూట్ల కథ. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో ఆడినప్పుడు మనవాళ్లలో ఎక్కువమంది వట్టి కాళ్లతోనే ఉన్నారు. జట్టుకు నాయకుడు నాగా ప్రాంతం నుంచి వచ్చిన డాక్టర్ తాలిమెరెన్ ఆవ్. సారంగపాణి రామన్ గోలు కొట్టి స్కోరు సమం చేశాడు. దొరికిన రెండు పెనాల్టీ కిక్‌లూ చేజారాయి. చివరి నిమిషాల్లో ఫ్రాన్స్ ఇంకో గోలు కొట్టడంతో 1-2తో ఓడిపోయాం. వట్టి కాళ్లతో ఆడి ఫ్రాన్స్‌ను అంత దగ్గరికి తీసుకువచ్చినందుకు అక్కడి ప్రేక్షకులు మనవాళ్లను మెచ్చుకున్నారు.

ఇప్పుడు 1952కు రండి. హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తుగా ఓడాం. ఆ ఒక్క గోలు అహ్మద్ ఖాన్‌ది. ఆ చలిలో కూడా మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు వేసుకోలేదు. ఆ దెబ్బ తిన్నాకే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. 1950లో వట్టి కాళ్ల వల్లే ఆగిపోయామంటే, 1952లో అవే వట్టి కాళ్లతో ఎలా దిగాం? బ్రెజిల్‌కు వెళ్లి ఉంటే జట్టుకు నాయకత్వం వహించవలసిన సైలెన్ మన్నా కూడా ఆ కథ నిజం కాదని తర్వాత స్పష్టంగా చెప్పాడు.

మరి ఎందుకు వెళ్లలేదు? ఆటగాళ్ల ఎంపికలో ఇబ్బందులున్నాయనీ, సాధనకు సమయం చాలదనీ సమాఖ్య అప్పట్లో కారణం చెప్పింది. వారాల తరబడి ఓడ ప్రయాణం, విదేశీ మారకం కొరత కూడా ఉన్నాయి. కానీ ఖర్చులో పెద్ద భాగం భరించడానికి బ్రెజిల్ వాళ్లు ముందుకు వచ్చారు. కాబట్టి డబ్బొక్కటే అడ్డమని నేను అనుకోను. అసలు సంగతి ఏమిటంటే, మనవాళ్ల దృష్టిలో పెద్ద పోటీ ఒలింపిక్సే. ప్రపంచ కప్ అప్పటికి మూడుసార్లే జరిగింది. దాని విలువ మనకు తెలియలేదు. తెలియనిది మనకొక్కరికే కాదు. పదహారు జట్లకు ఏర్పాటు చేసిన ఆ పోటీలో చివరికి ఆడినవి పదమూడే. ఒక గ్రూపులో రెండే జట్లు మిగిలాయి.

ఆ కథ నాకు ఎందుకు కష్టం కలిగిస్తుందో కూడా చెబుతాను. అది విన్నవారు మన ఆటగాళ్లకు బూట్లు కొనుక్కునే స్తోమత లేదనో, నియమాలు తెలియవనో అనుకుంటారు. వట్టి కాళ్లతో ఆడడం ఒక విద్య. చిన్నప్పుడు మా వీధిలో ఒక పాత ఆటగాడు ఉండేవారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, చీలమండ దగ్గర మొదలుపెట్టి పాదం మధ్య దాకా గుడ్డపట్టీ చుట్టుకునేవారు. ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పాలి. మడమ విడిచిపెట్టాలి. వేళ్లు అయిదూ బయటే ఉండాలి. ‘బంతి ఎటు తిరుగుతోందో వేళ్లకు తెలుస్తుంది’ అనేవారు. పొడి నేల మీద ఆ వేళ్లతో బంతిని ఆయన చెప్పినచోట ఆపేవారు. వాన పడితే మాత్రం కష్టం. తోలు బంతి నీళ్లు పీల్చి రాయిలా బరువెక్కుతుంది, తడి గడ్డి మీద వట్టి కాలికి పట్టు దొరకదు. హెల్సింకిలో మనవాళ్లకు ఎదురైంది అటువంటి నేల.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచామంటారు. అది ప్రపంచంలో నాలుగో జట్టు అయినట్టే కదా?
— ఉన్నత పాఠశాల విద్యార్థి, కడప

బాబూ, నాలుగో స్థానం నిజం. చివరి గడి కూడా చూద్దాం. ఆ పోటీలో దిగినవి పదకొండు జట్లు. మొదటి రౌండులో మనకు ఎదురు రావలసిన హంగరీ తప్పుకుంది. రెండో రౌండులో ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా ఆటగాడు హ్యాట్రిక్ కొట్టడం అదే మొదటిసారి. నాలుగో గోలు కృష్ణస్వామిది. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద మొదటి గోలు మనదే. మళ్లీ నెవిల్! కానీ రెండు నిమిషాలకే వాళ్లు సమం చేశారు, చివరికి 1-4. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3.

అంటే మూడు మ్యాచ్‌లు ఆడి ఒకటి గెలిచాం. ప్రపంచంలో నాలుగో జట్టు అనడం సరికాదు. అయితే నాలుగేళ్ల కిందట పది గోల్స్ కొట్టిన యుగోస్లావియా మీదే ఈసారి ముందంజ వేశాం. ఆ నాలుగేళ్లలో మన జట్టు ఎంత ఎదిగిందో ఆ ఒక్క గోలు చెబుతుంది. నెవిల్ మొత్తం నాలుగు గోల్స్‌తో ఆ పోటీలో అత్యధిక గోల్స్ కొట్టిన ముగ్గురిలో ఒకడయ్యాడు.

నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం: ఆ జట్టులోని ఈ పేర్లన్నీ హైదరాబాద్, సికింద్రాబాద్‌లవే. వీటిని నోట్సులో రాసుకో. క్విజ్‌లో ఎవరైనా అడిగితే బెంగాల్, బొంబాయిల పేర్లతో పాటు ఇవీ చెప్పు.

సునీల్ ఛెత్రి మన సికింద్రాబాద్ వాడేనా?
— గృహిణి, బోడుప్పల్

పుట్టింది సికింద్రాబాద్‌లోనే, 1984లో. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. పెరిగిందీ, ఆట నేర్చిందీ వేరే ఊళ్లలో. కాబట్టి పుట్టిన ఊరిగా గర్వపడదాం, తయారుచేసిన ఊరిగా చెప్పుకోవద్దు. 2005లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద మొదటి గోలు కొట్టాడు. 2024 జూన్‌లో కోల్‌కతాలో కువైట్‌తో మ్యాచ్ తర్వాత వీడ్కోలు చెప్పే నాటికి 94 గోల్స్. మళ్లీ 2025లో తిరిగి వచ్చి 95వది కొట్టాడు.

1951లో ఢిల్లీలో కూడా ఆసియా క్రీడల స్వర్ణం గెలిచాం. మీరు 1962 జకార్తా స్వర్ణాన్నే ఎందుకు అంత పైన పెడతారు? మన రహీమ్ సాబ్ రెండింటికీ కోచ్ కదా?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, నల్లగొండ

అవునండీ, రెండింటికీ ఆయనే. ఢిల్లీలో ఆరు జట్లు, జకార్తాలో ఎనిమిది. అంకెల్లో పెద్ద తేడా లేదు. ఢిల్లీలో ఇండోనేషియా, అఫ్గానిస్తాన్‌లను చెరో మూడు గోల్స్‌తో ఓడించి, ఫైనల్లో మేవాలాల్ గోలుతో ఇరాన్‌పై 1-0తో గెలిచాం. అది సొంత గడ్డ. మన ప్రేక్షకులు, మన ఎండ, మన నేల. ఆ స్వర్ణాన్ని తక్కువ చేయను. జకార్తాలో ఆ మూడూ మనవి కావు.

అసలు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. కొరియా అప్పటికి రెండుసార్లు, 1956లోనూ 1960లోనూ, ఆసియా కప్ గెలిచిన జట్టు. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి సెమీఫైనల్ చేరాం. థాయిలాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరంతో పడకేశాడు. ఆ తలతో డిఫెన్స్‌లో ఆడలేని జర్నైల్‌ను రహీమ్ సాబ్ పక్కన కూర్చోబెట్టలేదు. సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు! కాలేజీ రోజుల్లో అతను ఆ స్థానంలో ఆడేవాడని ఆయనకు గుర్తుంది. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆ మ్యాచ్‌లో జర్నైల్ ఒక గోలు, నాయకుడు చునీ గోస్వామి రెండు గోల్స్ కొట్టారు.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ కొరియా. మైదానం నిండా లక్షమంది జనం, అందరూ మనకు వ్యతిరేకమే. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను ఇండోనేషియా రానివ్వలేదు. అది తప్పని మన దేశం నుంచి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో ఉన్న సోంధీ గట్టిగా అన్నారు. దానితో ఊరంతా మన మీద మండిపడింది. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మన జాతీయ గీతం వస్తుంటే స్టేడియంలో అరిచారు. ఆ అరుపుల మధ్య పదిహేడో నిమిషంలో పీకే బెనర్జీ, ఇరవయ్యో నిమిషంలో తలకు కట్టుతో ఉన్న జర్నైల్ గోల్స్ కొట్టారు. కొరియా తిరిగి ఇచ్చింది ఒక్కటే, అదీ మ్యాచ్ ముగియవచ్చాక. తంగరాజ్ ఆ రోజుకు లేచి వచ్చి గోలు కాశాడు.

ఆ పదకొండు మందిలో మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఉన్నారు. మర్నాడు ఉదయం మా వీధి చివరి ఇరానీ హోటల్లో ఒకే పేపరును పదిమంది పంచుకుని చదవడం నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. అప్పటికి నాకు పదకొండేళ్లు. మా నాన్న కుర్చీ ఎక్కించి నన్ను స్కోరు చదవమన్నారు. హోటల్ యజమాని ఆ పూట పిల్లలందరికీ ఉస్మానియా బిస్కెట్లు పంచారు.

ఇక రహీమ్ సాబ్. ఆయన మొదట బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల పాఠశాలల్లో పనిచేసి, వ్యాయామ విద్యలో డిప్లొమా చదివి, 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు గెలిచింది. జకార్తాకు వెళ్లేనాటికి ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ముదిరిపోయింది. ఫైనల్ ముందు రాత్రి ఆటగాళ్లను కూర్చోబెట్టి, రేపు నాకొక కానుక కావాలి, బంగారం తెచ్చిపెట్టండి అని అడిగారని వాళ్లు జీవితాంతం చెప్పుకున్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆ మరుసటి సంవత్సరమే మా నాన్న నాకు ఈ ఎర్ర అట్ట పుస్తకం కొనిచ్చారు. మొదటి పేజీలో ఆయన తన చేత్తో జకార్తా మ్యాచ్‌లు అయిదూ రాశారు. ఓడిపోయిన కొరియా మ్యాచ్‌తో మొదలుపెట్టి.

అందుకే పైన పెడతానండీ.

ఆసియా కప్‌లో మనం రన్నరప్‌గా నిలిచామని విన్నాను. ఎప్పుడు?
— టైలరు, విజయనగరం

1964, ఇజ్రాయెల్‌లో. చివరి గడిలో ఉన్న అంకె నాలుగు. అర్హత పోటీల్లో మన విభాగంలోని మిగతా దేశాలు తప్పుకోవడంతో నేరుగా వెళ్లాం. కొరియాను 2-0తో, హాంకాంగ్‌ను 3-1తో ఓడించాం, ఇజ్రాయెల్‌కు 0-2తో లొంగిపోయాం. మీ జిల్లావాళ్లకు ఈ ముక్క నచ్చుతుంది: కొరియా మీద రెండో నిమిషంలోనే మొదటి గోలు కొట్టినవాడి పేరు అప్పలరాజు.

దోహాలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాను. 2024 జనవరిలో సెలవు పెట్టుకుని అల్ బైత్ స్టేడియంలో సిరియాతో మన మ్యాచ్ చూశాను. ఓడిపోయాం. మూడు మ్యాచ్‌లలో ఒక్క గోలు కూడా లేదు. పక్క గదిలో ఉండే వేరే దేశం మిత్రుడు ‘మీ దేశంలో ఇంతమంది ఉన్నారు కదా’ అంటే ఏం చెప్పాలో తోచలేదు. ఒకప్పుడు ఆసియాలో ముందున్న జట్టు ఇలా ఎందుకయింది?
— జగిత్యాల జిల్లా నుంచి వెళ్లిన పాఠకుడు, ఖతర్

నాయనా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక రోజు జీతం వదులుకుని, మైళ్ల దూరం బస్సులో వెళ్లి మన జట్టు కోసం కూర్చున్నారు. మీకు నిజమైన జవాబు దక్కాలి.

ఆ ఆసియా కప్‌లో ఆస్ట్రేలియాతో 0-2, ఉజ్బెకిస్తాన్‌తో 0-3, సిరియాతో 0-1. ఆ పంక్తులు నా పుస్తకంలో కూడా ఉన్నాయి. మీ మిత్రుడు జనాభా గురించి అడిగాడు. జనాభాకూ జట్టుకూ సంబంధం ఉండాలంటే మధ్యలో మైదానం ఉండాలి. ఆ మైదానంలో పదేళ్ల పిల్లవాడికి ఆట చెప్పే మనిషి ఉండాలి. మనం పోగొట్టుకున్నది ఆ మధ్యలోని దాన్నే.

మొదటి తప్పు ఇంట్లోనే జరిగింది. ప్రపంచమంతా తొంభై నిమిషాలు ఆడుతుంటే మన దేశవాళీ పోటీల్లో చాలాకాలం డెబ్బై నిమిషాలే ఆడారు. ఆ చివరి ఇరవై నిమిషాలు మన కాళ్లకు అలవాటు కాలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద పీకే గోలుతో ముందున్న మనం, వాళ్లు చివరి పది నిమిషాల్లో సమం చేయడంతో 1-1తో సరిపెట్టుకున్నాం. 1948లోనూ అంతే, చివరి నిమిషాల్లోనే చేజారింది. అన్నిటికీ ఇదొక్కటే కారణం అనను. కానీ నా పుస్తకంలో ఆలస్యంగా తిన్న గోల్స్ కింద గీతలు గీస్తూ పోతే చాలా గీతలు పడ్డాయి.

రెండోది, పెద్ద పోటీలకు దూరంగా ఉండిపోవడం. ప్రపంచ కప్ అర్హత మ్యాచ్‌లలో మన జట్టు మొదటిసారి మైదానంలోకి దిగింది 1985లో! అప్పటికి ముప్పై అయిదేళ్లు గడిచిపోయాయి. రోమ్ తర్వాత ఒలింపిక్స్‌లో మళ్లీ కనిపించలేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ నయీముద్దీన్ నాయకత్వంలో జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం తెచ్చుకున్నాం. ఆ క్రీడల్లో పురుషుల ఫుట్‌బాల్ పతకం మనకు అదే చివరిది. ఆ జపాన్ ఇప్పుడు ఎక్కడుందో చూడండి. కొరియా 1983లోనే వృత్తి ఆటగాళ్ల లీగ్ పెట్టుకుంది, జపాన్ 1993లో. మన మొదటి జాతీయ లీగ్ 1996లో వచ్చింది. అంతవరకు మన కుర్రాళ్లు స్థానిక కప్పుల కోసం, పోలీసు, రైల్వే, బ్యాంకు ఉద్యోగాల కోసం ఆడారు. ఆ ఉద్యోగాలు ఎన్నో కుటుంబాలను నిలబెట్టాయి, వాటిని నేను తప్పుపట్టను. కానీ ఉద్యోగం దొరికిన రోజునే ఆట ఎదగడం ఆగిపోయిన కుర్రాళ్లను నేను స్వయంగా చూశాను. వాళ్లలో ఇద్దరు నా శిష్యులు.

మూడోది, మనకు మనం చెప్పుకునే లెక్క. దక్షిణాసియా పోటీని, అంటే శాఫ్‌ను, తొమ్మిదిసార్లు గెలిచాం. అది మంచిదే. కానీ ఇరుగుపొరుగు చిన్న జట్ల మీద సొంత నేలపై గెలిచిన గెలుపును ఆసియాను గెలిచినంతగా చెప్పుకున్న ప్రతిసారీ తర్వాతి పెద్ద పోటీలో దెబ్బ తిన్నాం. 2023లో బెంగళూరులో శాఫ్ గెలిచి ప్రపంచ ర్యాంకుల్లో 99వ స్థానానికి వచ్చాం. ఆరు నెలల తర్వాత మీరు చూసిన దోహా. 2025లో సింగపూర్ చేతిలో మడ్‌గావ్‌లో 1-2తో ఓడి, 2027 ఆసియా కప్‌కు అర్హత కూడా పోగొట్టుకున్నాం.

2024 సెప్టెంబరులో గచ్చిబౌలిలో మారిషస్‌తో జరిగిన మ్యాచ్‌కు మనవడిని తీసుకుని వెళ్లాను. 0-0. నేను గోల్స్ కంటే ఎక్కువగా కాళ్లను చూస్తాను, వృత్తి అలవాటు. ఎడమవైపు వచ్చిన బంతిని కుడికాలికి మార్చుకోవడానికి ఒక్క క్షణం పడుతుంది. ఆ ఒక్క క్షణంలో ఎదుటివాడు వచ్చి ముందు నిలబడిపోతాడు. ఇరవై అయిదేళ్లు వచ్చాక ఆ అలవాటు మార్చడం ఏ విదేశీ కోచ్ వల్లా కాదు. అది పదేళ్లప్పుడు నేర్పవలసినది.

అయినా మీరు మీ మిత్రుడికి చెప్పదగినవి ఉన్నాయి. 2019 సెప్టెంబరు 10న, మీరున్న దోహాలోనే, అప్పటి ఆసియా విజేత ఖతర్‌ను మనవాళ్లు 0-0తో ఆపారు. ఆ రోజు ఛెత్రి లేడు. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ నాయకత్వం వహించి గోడలా నిలబడ్డాడు. అదే సంవత్సరం జనవరిలో ఆసియా కప్‌లో థాయిలాండ్‌ను 4-1తో ఓడించాం. ఆ రెండు పంక్తులనూ నేను పుస్తకంలో ఆకుపచ్చ సిరాతో రాసుకున్నాను.

మా అమ్మాయికి పదమూడేళ్లు. ఫుట్‌బాల్ ఆడతానంటోంది. ఆడపిల్లల జట్టు మన దేశానికి ఉందా, దానికి ఏమైనా పేరుందా అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతున్నారు.
— ఒక తల్లి, బోధన్

ఉందమ్మా, పేరూ ఉంది. మహిళల ఆసియా పోటీలో మన అమ్మాయిలు రెండుసార్లు రన్నరప్‌గా నిలిచారు. ఒకసారి కాలికట్‌లో, మరోసారి 1983లో బ్యాంకాక్‌లో. తర్వాత వాళ్లను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు, ఆ మాట దాచను. కానీ 2025 జూలైలో థాయిలాండ్ గడ్డ మీద, థాయిలాండ్‌నే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. రెండు గోల్స్ సంగీతా బాస్‌ఫోర్‌వి. ఇక్కడ ‘సాధించారు’ అన్న మాటను నిండు మనసుతో రాస్తున్నాను. ఎవరూ తప్పుకోలేదు, ఎవరూ దయతో చోటివ్వలేదు, ఆడి గెలిచారు. పురుషుల జట్టు ఆసియా కప్‌కు దూరమైన సంవత్సరంలోనే ఇది జరిగింది.

పెద్దవాళ్లకు ఇంకో మాట చెప్పండి. మీ నిజామాబాద్ జిల్లాలోని ఒక తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య భారత జట్టు చొక్కా వేసుకుని ఆడుతోంది. మీ అమ్మాయికి ముందు మంచి బూట్లు కొనండి. పెరిగే వయసు కదా అని ఒక సైజు పెద్దవి మాత్రం కొనకండి. బూటు లోపల పాదం జారితే గోళ్లు దెబ్బతింటాయి, మడమ బొబ్బలెక్కుతుంది.

వ్యాయామ ఉపాధ్యాయుడిగా కొత్తగా చేరాను. మా బడికి ఉన్నది అర ఎకరం స్థలం, మూడు బంతులు, నూట ఇరవై మంది పిల్లలు. రహీమ్ గారు ఆటగాళ్లను తయారుచేసిన పద్ధతిలో ఈ స్థలంలో చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

ఉంది మాస్టారూ, ఆయన పద్ధతులకు పెద్ద మైదానం అక్కరలేదు. రహీమ్ సాబ్ డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతి అందగానే పాస్ ఇవ్వాలి, తిప్పుకుంటూ కూర్చోకూడదు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు కూడా పెట్టేవారు. ఈ రెండూ మీ అర ఎకరంలో జరుగుతాయి. నేను వరంగల్ జిల్లాలో చేసిన విధంగా చెబుతాను.

స్థలాన్ని సున్నంతో మూడు ముక్కలు చేయండి. ఒక్కో ముక్కలో ఒక బంతి, అయిదుగురు చొప్పున రెండు జట్లు. గోలు స్తంభాలకు బదులు రెండు ఇటుకలు. ఎనిమిది నిమిషాలకొక మ్యాచ్ పెడితే గంటన్నర లోపే మీ నూట ఇరవై మందికీ రెండేసి మ్యాచ్‌లు దక్కుతాయి. నియమం ఒక్కటే: బంతిని రెండుసార్లకు మించి తాకితే అది ఎదుటి జట్టుది. మొదటి వారం గోల గోలగా ఉంటుంది. బాగా ఆడే పిల్లలకే ఎక్కువ కోపం వస్తుంది, ఇన్నాళ్లూ బంతిని ఒంటరిగా తీసుకెళ్లింది వాళ్లే కాబట్టి. మూడో వారానికి తలలు పైకి లేస్తాయి. బంతి రాకముందే, ఎవరు ఖాళీగా ఉన్నారా అని చూడడం మొదలుపెడతారు. అది కనిపించిన రోజు మీకే తెలుస్తుంది.

వారంలో ఒక రోజు ఎడమకాలి రోజు. ఎడమ చీలమండకు ఎర్ర గుడ్డముక్క కట్టించండి, ఆ కాలితో కొట్టిన గోలే లెక్క. ఎడమకాలి వాటం పిల్లలుంటే వాళ్లకు కుడికాలికి కట్టండి.

బూట్లు ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ ఒకే మ్యాచ్‌లో కలపకండి. బూటు కింద పడిన వట్టి వేలు నెల రోజులకు గానీ కోలుకోదు. లేనివాళ్లు ఆడేటప్పుడు బంతిలో గాలి కాస్త తగ్గించండి. బొటనవేలితో నొక్కితే అర అంగుళం లోపలికి దిగాలి, అంతకన్నా గట్టిగా ఉండకూడదు.